పన్ను పోయిన ఖాళీ గురించి అడిగారు, దాని వెనక పన్నుతో మొదలుపెడదాం

గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి, ప్రైవేటు పాఠశాలలో తెలుగు బోధించే 47 ఏళ్ళ ఉపాధ్యాయురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను పుచ్చిపోవడంతో మూడేళ్ళ కిందట దాన్ని తీయించుకున్నారు. ఆ చోటు అప్పటి నుంచి ఖాళీగానే ఉంది. దాని వెనక పన్నుకు ఏడాదిన్నర కిందట రూట్ కెనాల్ జరిగింది. క్యాప్ వేయించుకోమని డాక్టరు చెప్పినా, నొప్పి పోయింది గదా అన్న ధీమాతోనూ, అదే సమయంలో కూతురి పెళ్ళి ఖర్చులు మీద పడటంతోనూ వాయిదా వేశారు. రెండు నెలల కిందట వేరుశనగలు నములుతుంటే ఆ పన్నులోని ఫిల్లింగు, దానితో పాటు నాలుక వైపు గోడలో ఒక ముక్క ఊడివచ్చాయి.

ఊళ్ళోని దంతవైద్యుడు ఖాళీకి ముందున్న పన్నును, వెనక ఉన్న పన్నును అరగదీసి మూడు పళ్ళ బ్రిడ్జి కట్టవచ్చని, లోహం మీద పింగాణి పూసిన రకానికి 18,000 రూపాయలు అవుతుందని చెప్పారు. గుంటూరులో చూపించుకుంటే అక్కడి డాక్టరు ఖాళీలో ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ వేరు, దాని మీద పన్ను), వెనక పన్నుకు విడిగా జిర్కోనియా (పన్ను రంగులో ఉండే గట్టి పింగాణి రకం) క్యాప్ మేలని, మొత్తం 47,000 రూపాయలు అవుతుందని అన్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు ఇంప్లాంటే పెట్టించుకోమని, డబ్బు వాయిదాల మీద తాను కడతానని పట్టుబడుతున్నాడు. భర్త మాత్రం "నొప్పి లేని పళ్ళను అరగదీయించుకోవడం ఏమిటి, ఎముకలో మర బిగించుకోవడం ఏమిటి, మూడేళ్ళు గడిచాయి, ఇంకా గడుస్తాయి" అంటున్నారు. ఆమెకు ఆరేళ్ళుగా షుగర్ ఉంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే ఇటీవలి హెచ్‌బీఏవన్‌సీ 8.4. దీనికి తోడు, తోటి ఉపాధ్యాయురాలు కట్టించుకున్న బ్రిడ్జి ఐదేళ్ళకే దుర్వాసన వేసిందట, విప్పి చూస్తే లోపలి పన్ను పూర్తిగా కుళ్ళిపోయి ఉందట. "మూడేళ్ళుగా కుడివైపే నములుతున్నాను. జామకాయ, జొన్నరొట్టె మానేశాను. ఇల్లు కొనుక్కుని అప్పులో ఉన్న కొడుకు మీద మరో అప్పు పెట్టి, ఈ వయసులో నేను పళ్ళు కట్టించుకోవడం అవసరమా?" అని ఆమె అడిగారు.

అమ్మా,

మీ ఇంట్లో చర్చంతా ఖాళీ చుట్టూ తిరుగుతోంది. మీ ఉత్తరం చదివినప్పుడు నన్ను కలవరపెట్టినది మాత్రం దాని వెనక ఉన్న విరిగిన పన్ను. మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న చోటు మరో ఆరు నెలలు అలాగే ఉన్నా మీకు కొత్తగా కలిగే నష్టం స్వల్పం. రూట్ కెనాల్ జరిగి, క్యాప్ లేక, గోడ విరిగి, లాలాజలానికి తెరుచుకుని ఉన్న పన్నుకు అంత గడువు లేదు. అది దక్కుతుందా, దక్కదా అన్నది తేలితే, బ్రిడ్జా ఇంప్లాంటా అన్న ప్రశ్న సగం వరకు దానంతట అదే తేలిపోతుంది. అందువల్ల ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలన్నది ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఈ వారంలోనే ఆ ఒక్క పన్నును చూపించుకోండి.

నొప్పి లేదు గదా అని మీవారు అంటున్నారు. ఆ మాట మామూలు పన్ను విషయంలో కొంతవరకు చెల్లుతుంది, ఈ పన్ను విషయంలో చెల్లదు. రూట్ కెనాల్ అంటే పన్ను లోపలి నరాన్ని, రక్తనాళాలను తీసివేసి, శుభ్రం చేసిన ఆ సన్నని దారులను గట్టాపర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపి మూసివేయడం. నరం లేని పన్నుకు వేడి తెలియదు, చల్లదనం తెలియదు, పుచ్చు మళ్ళీ లోతుకు దిగుతున్నా తెలియదు. వేళ్ళ చివర ఎముకలో చీము చేరినప్పుడో, పన్ను నిలువునా చీలినప్పుడో గానీ అది మీకు కబురు చెప్పదు. అప్పటికి చాలాసార్లు ఆలస్యమై ఉంటుంది. ఆ పన్నులో గోడలు ఇప్పటికే పలచబడి ఉంటాయి, ఎందుకంటే పుచ్చు కొంత తినేస్తుంది, చికిత్స కోసం పైనుంచి చేసిన దారి మరికొంత తీసుకుంటుంది. నమిలిన ప్రతిసారీ మిగిలిన గోడలు బయటికి విచ్చుకునే ఒత్తిడికి లోనవుతాయి. బండి చక్రానికి ఇనుప పట్టా వేసి బిగించినట్టు క్యాప్ ఆ గోడలను చుట్టూ పట్టి ఉంచుతుంది. రూట్ కెనాల్ జరిగిన దవడ పళ్ళకు క్యాప్ వేయించుకోమని డాక్టర్లు అంతగా చెప్పేది అందుకే. పన్నును దాచుకోవడంలో అందచందాలకు మించిన అవసరం అది.

ఊడిపోయిన ముక్క నాలుక వైపుదని రాశారు గనుక, డాక్టరును మీరు అడగవలసిన మొదటి మాట, చిగురు పైన ఇంకా ఎంత గట్టి పన్ను మిగిలింది అని. క్యాప్ అంచు పట్టుకోవడానికి చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల ఎత్తున ఆరోగ్యకరమైన పన్ను ఉండాలి. అంత ఉంటే లోపల కోర్ (విరిగిన భాగాన్ని నింపి కట్టే గట్టి దిమ్మ) కట్టి పైన క్యాప్ వేస్తారు. ఒక వైపు మాత్రమే తక్కువైతే ఆ చోట చిగురును, అవసరమైతే కొద్దిగా ఎముకను తగ్గించి అంచును బయటికి తెచ్చే చిన్న శస్త్రచికిత్స ఉంది. విరిగిన అంచు చిగురు లోపలికి, వేరు మీదికి దిగిపోయి ఉంటే ఆ పన్ను మీద డబ్బు పెట్టకండి. రెండో మాట, పాత రూట్ కెనాల్ పరిస్థితి ఏమిటి అని. ఫిల్లింగు ఊడి రెండు నెలలుగా లాలాజలం లోపలికి ఊరుతోంది. ఎక్స్-రే తీసి, వేళ్ళ కొసల్లో ఏమైనా తేడా కనిపిస్తే, లేదా లోపలి పూరణ మెత్తబడిందని అనిపిస్తే, రూట్ కెనాల్ మళ్ళీ చేయవలసి ఉంటుంది. రెండు నెలలు గడిచాయి గనుక, ఎక్స్-రే బాగానే ఉన్నా కొందరు డాక్టర్లు మళ్ళీ చేయడమే క్షేమమంటారు. అది డబ్బు గుంజడం అనుకోవద్దు.

ఇప్పుడు రెండు దారులు చూద్దాం.

పన్ను దక్కదని తేలిందనుకోండి. అప్పుడు మీ ఊరి డాక్టరు చెప్పిన బ్రిడ్జి ప్రశ్నే ఉండదు. వంతెనకు రెండు ఒడ్లు కావాలి, వెనక ఒడ్డు పోతే వంతెన దేని మీద నిలుస్తుంది? ముందున్న చిన్న దవడ పళ్ళ నుంచి వెనక్కి వేలాడేలా బ్రిడ్జి కడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దవడ పన్ను మీద పడే నమిలే బరువు ఆ వేలాడే కొసన పడి, ముందు పళ్ళ వేళ్ళను కదిలిస్తుంది. అప్పుడు మిగిలేవి ఇంప్లాంట్, తీసి పెట్టుకునే పళ్ళు, లేదా ఖాళీని అలాగే వదిలేయడం. తీసి పెట్టుకునే రకంలో ఒక్క పన్నుకో రెండు పళ్ళకో ఒకే వైపు పెట్టే చిన్న ముక్క దవడ వెనక భాగంలో నాకు ఎన్నడూ నచ్చలేదు. అది ఊడి అన్నంతో పాటు మింగుడుపడే ప్రమాదం ఉంది. చేయించుకోక తప్పకపోతే రెండో వైపు పళ్ళను కూడా పట్టుకునే పెద్ద చట్రం చేయించుకోండి.

పన్ను దక్కుతుందని తేలిందనుకోండి, అసలు ఆలోచన అక్కడ మొదలవుతుంది. బ్రిడ్జి కట్టాలంటే రెండు పక్కల పళ్ళనూ అన్ని వైపులా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల వరకు అరగదీసి, మూడు తొడుగులు ఒకే ముక్కగా కలిసి ఉన్నదాన్ని వాటి మీద అతికిస్తారు. మధ్యలోది ఖాళీ మీద వేలాడే పన్ను, దానికి వేరు ఉండదు. అరగదీసిన ఎనామెల్ తిరిగి పెరగదు. ఖాళీకి ముందున్న మీ పన్ను చెక్కుచెదరని పన్నని, ఒక్క ఫిల్లింగు కూడా లేదని రాశారు. దానిని అరగదీయడం నిజంగా నష్టమే. అలా అరగదీసిన ప్రాణమున్న పళ్ళలో కొన్నింటికి కొన్నేళ్ళకు నరం చచ్చి రూట్ కెనాల్ అవసరమవుతుంది కూడా. అయితే మీ ఊరి డాక్టరు చెప్పినదానిలో న్యాయం లేకపోలేదు. వెనక పన్నుకు ఎలాగూ క్యాప్ కావాలి గనుక, బ్రిడ్జి వల్ల అదనంగా పోయేది ఒక్క పన్ను పైపొరే, రెండు పళ్ళది కాదు. ఖర్చు సగం కన్నా తక్కువ. శస్త్రచికిత్స లేదు. రెండు మూడు వారాల్లో పని పూర్తవుతుంది. మంచి పళ్ళ మీద సరిగా కట్టిన బ్రిడ్జిలు పదింట దాదాపు తొమ్మిది, పదేళ్ళ తరువాత కూడా నోట్లో ఉంటున్నాయని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి.

నాకు సందేహం "మంచి పళ్ళ మీద" అన్న ఆ మాట దగ్గరే. బ్రిడ్జికి ఆసరా ఇచ్చే పళ్ళ వేళ్ళు ఎముకలో ఎంత మేర పాతుకుని ఉన్నాయన్నది ముఖ్యమని 1926లో ఆంటే అనే దంతవైద్యుడు ఒక సూత్రం చెప్పారు: ఆసరా పళ్ళ వేళ్ళ మొత్తం వైశాల్యం, పోయిన పన్ను వేళ్ళ వైశాల్యానికి తగ్గకూడదు. లెక్క ప్రకారం మీ రెండు పళ్ళు సరిపోతాయి. కానీ ఆ లెక్క చిగుళ్ళు, ఎముక బాగున్న పళ్ళకు వేసినది, పైగా విరిగిన గోడల సంగతి అందులో లేదు. గోడ విరిగి, కోర్ మీద ఆధారపడే పన్ను తన బరువుతో పాటు పక్క పన్ను బరువులో సగం కూడా మోయాలి. ఆరేళ్ళ షుగర్‌లో చిగుళ్ళ కింద ఎముక ఎంత తగ్గిందో ఎక్స్-రేలో చూడాలి. ఇంకొక ఇబ్బంది, మూడేళ్ళ ఖాళీలోకి వెనక పన్ను ముందుకు ఒరిగి ఉండే అవకాశం ఎక్కువ. రెండు ఆసరా పళ్ళు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే బ్రిడ్జి లోపలికి దిగదు, దిగేలా చేయడానికి మరింత అరగదీయవలసి వస్తుంది.

ఇక్కడ ఒక విషయం ముందే తెలుసుకోవడం మంచిది, ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. వెనక పన్నుకు ఇప్పుడు విడిగా క్యాప్ వేయించుకుంటే, రేపు ఇంప్లాంట్‌కు అది అడ్డు రాదు. రేపు బ్రిడ్జి కావాలనుకుంటే మాత్రం ఆ క్యాప్‌ను కోసి తీసి పారవేయవలసిందే, ఎందుకంటే బ్రిడ్జి మొత్తం ఒకే ముక్కగా తయారవుతుంది. అంటే క్యాప్‌కు అచ్చు ఇచ్చే రోజుకే మీరు బ్రిడ్జి వద్దని దాదాపు నిర్ణయించుకుని ఉండాలి. ఇంకా తేల్చుకోలేకపోతే, ఆ పన్నుకు కోర్ కట్టించి, పైన తాత్కాలిక క్యాప్ పెట్టమని అడిగి కొన్ని వారాలు సమయం తీసుకోవచ్చు. తాత్కాలిక క్యాప్‌తో ఏడాది గడపడం మాత్రం మళ్ళీ పాత పొరపాటే అవుతుంది.

మీ తోటి ఉపాధ్యాయురాలికి జరిగినదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ భయం అక్కడ ఉంది. రెండు ఆసరా పళ్ళలో ఒకదాని కింద సిమెంటు వదులైందనుకోండి. ఒంటరి క్యాప్ అయితే ఊడి చేతికి వస్తుంది, మీరు ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళతారు. బ్రిడ్జిలో రెండో కొస గట్టిగా పట్టుకుని ఉంటుంది గనుక అది ఊడదు. నమిలినప్పుడల్లా వదులైన వైపు కొద్దిగా లేచి పడుతూ, లాలాజలాన్ని, ఆహారపు పిప్పిని లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. పైన పింగాణి మెరుస్తూనే ఉంటుంది, లోపల పన్ను కరిగిపోతుంది. అది రూట్ కెనాల్ జరిగిన పన్నైతే నొప్పి కూడా తెలియదు. అందుకని బ్రిడ్జి ఉన్నవారు ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఒక వైపు నుంచి చెడు రుచి వస్తున్నా, నొక్కితే అంచు దగ్గర చిన్న బుడగలు కనిపించినా వెంటనే వెళ్ళాలి. వేలాడే పన్ను కింద మామూలు బ్రష్ దూరదు. గట్టి కొస ఉన్న సూపర్ ఫ్లాస్ దారాన్నో, సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్‌నో రోజూ రాత్రి దాని కిందుగా పోనిచ్చి శుభ్రం చేయాలి. ఆ ఓపిక తనకు లేదని నిజాయితీగా అనిపించిన మనిషి బ్రిడ్జి కట్టించుకోకపోవడమే మంచిది.

ఇక మీవారు మర అంటున్న ఇంప్లాంట్. అది నిజంగానే మర ఆకారంలో ఉండే టైటానియం వేరు. ఎముక దానిని పరాయి వస్తువుగా తోసివేయకుండా చుట్టూ పెరిగి పట్టుకుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కనుగొన్నారు. గోథెన్‌బర్గ్‌లో 1965లో ఆయన తొలిసారి ఇంప్లాంట్లు పెట్టిన రోగి, 2006లో చనిపోయే వరకు నలభై ఏళ్ళకు పైగా వాటితోనే భోజనం చేశారు. కనుక ఇది నిన్న మొన్నటి ప్రయోగమన్న భయం మీవారికి అక్కరలేదు. దీనిలోని గొప్ప మేలు, పక్క పళ్ళను ముట్టుకోదు. దానికి పుచ్చు పట్టదు. అయితే చుట్టూ ఉన్న చిగురుకు, ఎముకకు జబ్బు చేయవచ్చు, శుభ్రత లేని నోట్లో, అదుపులో లేని షుగర్‌లో అది ఎక్కువ. మీ 8.4 నాకు సమ్మతం కాదు. షుగర్ ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కూడదనే నియమం లేదు, కానీ గాయం మానడం, ఎముక అతుక్కోవడం షుగర్ మీద ఆధారపడి ఉంటాయి. మీ వైద్యుడితో మాట్లాడి మూడు నాలుగు నెలల్లో దానిని 7 దరిదాపులకు తెచ్చుకుని, చిగుళ్ళు శుభ్రం చేయించుకున్న తరువాతే శస్త్రచికిత్స పెట్టుకోండి.

ఇంప్లాంట్‌కు ముందు సీబీసీటీ (దవడ ఎముకను త్రీడీలో చూపే ఎక్స్-రే) స్కాన్ అడగండి. పన్ను తీసిన తొలి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు బాగా తగ్గుతుంది, మీకు మూడేళ్ళు గడిచాయి. కింది దవడలో ఆ చోటు అడుగున పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. దానికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరం ఉండేలా ఇంప్లాంట్ పొడవు ఎంచాలి, లేకపోతే పెదవి మొద్దుబారే ప్రమాదం ఉంది. ఎదురుగా ఉన్న పై పన్ను ఖాళీలోకి ఎంత దిగిందో కూడా కొలవాలి. ఎక్కువ దిగి ఉంటే బ్రిడ్జికైనా ఇంప్లాంట్‌కైనా పైన తగినంత ఎత్తు ఉండదు, పై పన్నును సరిచేయవలసి వస్తుంది, దాని ఖర్చు మీకు చెప్పిన 47,000లో ఉందో లేదో అడగండి.

మీవారు చెప్పే మూడో దారిని తేలికగా కొట్టివేయను. దవడ పళ్ళు కొన్ని లేకపోయినా, ముందు పళ్ళు, చిన్న దవడ పళ్ళు బాగుంటే చాలామంది హాయిగా తినగలరని నెదర్లాండ్స్‌లో కైజర్ 1981లో ప్రచురించిన పరిశీలనల నుంచి తెలుసు. పళ్ళు ఒరగడం, దిగడం చాలావరకు మొదటి సంవత్సరాల్లోనే జరుగుతాయి. మీ నోట్లో అది నిలకడగా ఉందని డాక్టరు చెబితే ఖాళీని ఖాళీగానే ఉంచుకోవడం తప్పేమీ కాదు. కానీ మీరు జొన్నరొట్టె, జామకాయ మానేశానని రాశారు. షుగర్ ఉన్న మనిషి పీచు ఉన్న తిండి వదిలి మెత్తటి అన్నం, ఉప్మా, ఇడ్లీలతో సరిపెట్టుకుంటే ఆ 8.4కు అది కూడా కొంత తోడవుతుంది. వెనక పన్నుకు క్యాప్ పడి, ఎడమవైపు భయం లేకుండా నమలగలిగిన తరువాత రెండు నెలలు చూడండి. ఖాళీ ఉన్నా హాయిగా తినగలుగుతున్నారా, లేదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. ఇప్పుడు మీరు కుడివైపు నమలడానికి కారణం ఖాళీ ఒక్కటే కాదు, విరిగిన పన్ను కూడా అయి ఉండవచ్చు.

క్యాప్ రకం గురించి ఎక్కువ మధనపడకండి. రెండో దవడ పన్ను నవ్వినప్పుడు కనిపించదు. జిర్కోనియా గట్టిది, లోహం మీద పింగాణి కూడా ఏళ్ళ తరబడి వాడుతున్నదే, కాకపోతే కొందరిలో పింగాణి పెచ్చు లేస్తుంది. రంగుతో పట్టింపు లేకపోతే పూర్తి లోహపు క్యాప్ అన్నిటికన్నా తక్కువ అరగదీతతో, తక్కువ ఖర్చుతో మన్నుతుంది. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టే అలవాటు మీకు ఉంటే ముందే చెప్పండి, చవక లోహాల్లో నికెల్ ఉంటుంది, అది లేని కోబాల్ట్ క్రోమియం రకం అడగవచ్చు. జిర్కోనియాతో పదేళ్ళ, పదిహేనేళ్ళ వారంటీ కార్డు ఇస్తారు. అది పగలకుండా ఉండే క్యాప్‌కు ఇచ్చే హామీ. దాని కింద ఉన్న పన్నుకు, దాని అంచున పట్టే పుచ్చుకు ఎవరూ హామీ ఇవ్వలేరు.

అబ్బాయి డబ్బు సంగతి. మీరు దీనిని 47,000 రూపాయల ఒకే నిర్ణయంగా చూస్తున్నారు గనుక భారంగా ఉంది. విడదీసి చూడండి. ఎక్స్-రే, కోర్, క్యాప్ ఇప్పటి పని. ఇది మీ జీతంలోంచే మీరు పెట్టుకోగలిగినదనుకుంటాను. ఇంప్లాంట్ అవసరమని తేలితే అది షుగర్ తగ్గాక, నాలుగైదు నెలల తరువాతి మాట. కింది దవడలో ఎముక అతుక్కోవడానికి మరో మూడు నెలలు ఆగి పైన పన్ను బిగిస్తారు గనుక ఖర్చు కూడా రెండు దఫాలుగా వస్తుంది. ఈ రోజే అబ్బాయి అప్పు తీసుకోవలసిన అవసరం ఏదీ లేదు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల మీకు దూరం కాదు. అక్కడా, ప్రైవేటు దంత కళాశాలల్లోనూ కట్టుడు పళ్ళ విభాగంలో పీజీ విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణలో క్యాప్‌లు, బ్రిడ్జిలు బయటి ఆసుపత్రుల కన్నా బాగా తక్కువ ఖర్చుతో చేస్తారు. ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది, పాఠశాల సెలవుల్లో పెట్టుకుంటే సరిపోతుంది. మరొక మాట, అబ్బాయి ప్రేమతో ఇవ్వజూపినదాన్ని పూర్తిగా తోసివేయకండి. "ముందు క్యాప్ నేను వేయించుకుంటాను, ఇంప్లాంట్ కావలసివస్తే అప్పుడు నువ్వు చూద్దువుగాని" అని చెబితే అతనికీ తృప్తిగా ఉంటుంది. "ఈ వయసులో" అని మీరు రాసిన మాట నాకు బాధ కలిగించింది. 47 ఏళ్ళకు మీరు ఇంకా ముప్పై, నలభై ఏళ్ళు నమలవలసి ఉంది, ఆ పళ్ళతోనే పిల్లలకు పద్యాలు చదివి వినిపించాలి.

నన్ను అడిగితే, వెనక పన్ను దక్కితే దానికి విడిగా క్యాప్ వేయించుకుని, ముందున్న చెక్కుచెదరని పన్నును అలాగే ఉంచి, ఖాళీ విషయం షుగర్ తగ్గాక తేల్చుకోవడం వైపే నేను మొగ్గుతాను. పరీక్షలో ముందు పన్నులో కూడా దాగి ఉన్న పుచ్చు బయటపడి, వెనక పన్ను గోడలు అనుకున్నదాని కన్నా గట్టిగా ఉంటే బ్రిడ్జి వైపు తూకం మారుతుంది. అప్పుడు మీ ఊరి డాక్టరు సలహానే సరైనది. అపాయింట్‌మెంట్ ఉదయం పెట్టుకోండి, టిఫిన్ తిని, షుగర్ మాత్ర యథాప్రకారం వేసుకుని వెళ్ళండి. ఎక్స్-రేలో వేళ్ళ కొసన నల్లటి నీడ ఉందని చెబితే మాత్రం, ఎంత తొందరపెట్టినా ఆ రోజు క్యాప్‌కు అచ్చు ఇవ్వకండి. రూట్ కెనాల్ మళ్ళీ చేయించుకుని, కుదుటపడిందని డాక్టరు చెప్పాకే ఇవ్వండి.